గర్భిణికి అరిష్టం ఇవ్వవచ్చునా?

గత మాసంలో విజయవాడ నుండి ఒక గృహిణి వ్రాసిన ఉత్తరం నా ముందున్నది. ఆమె కుమార్తె అమెరికాలో ఉన్నది. నాలుగవ నెల గర్భిణి. "అమ్మాయికి అన్నం సహించడం లేదు, నీరసంగా ఉన్నదంటే, మా అమ్మగారు నాకు ఇచ్చినట్లే నేనూ ద్రాక్షారిష్టం రెండు సీసాలు తీసుకొని వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ సీసా చేతిలోకి తీసుకొని, చిన్న అక్షరాలు చదివి, ఇందులో ఆల్కహాలు ఉన్నది, ముట్టవద్దు అన్నది. అల్లుడుగారి ముందు నాకు తల కొట్టివేసినట్లయినది. మన ఋషులు చెప్పిన మందు సారాయి అవుతుందా? మీరైనా సమాధానం వ్రాయండి" అని ఆమె ఆవేదన.

నా నుండి ఆమె ఎటువంటి సమాధానం ఆశిస్తున్నారో నాకు తెలియును. నలుబది సంవత్సరాలుగా ఈ వృత్తిలో ఉన్నవాడిని, గురువుగారి పాదాల చెంత కూర్చుని సంహితలు వల్లించినవాడిని, ఆయుర్వేదం పక్షాన నిలువక ఇంకెవరి పక్షాన నిలుస్తాను? ఆయుర్వేదం పక్షాన నిలిచియే చెబుతున్నాను. అమ్మా, ఆ డాక్టరమ్మ చెప్పినది సరియే. ఆమె చెప్పిన మాట చరకుడు చెప్పిన మాటకు విరుద్ధం కూడా కాదు.

చరకసంహిత శారీరస్థానంలో ఎనిమిదవ అధ్యాయమున్నది. గర్భానికి హాని కలిగించే ఆచారాలను ఆచార్యుడు అందులో ఒక్కొక్కటిగా ఎన్నుతాడు. నిత్యం మద్యం సేవించే గర్భిణికి ఎటువంటి సంతానం కలుగుతుందో అక్కడ మూడు లక్షణాలతో చెప్పబడినది: దప్పిక ఎక్కువగా ఉండడం, జ్ఞాపకశక్తి తక్కువగా ఉండడం, చిత్తం నిలకడగా లేకపోవడం. ఆ పట్టికలోని ప్రతి వాక్యాన్నీ నేడు యథాతథంగా సమర్థించవలెనని నేను అనను. కలహశీలయైన స్త్రీకి మూర్ఛరోగి జన్మిస్తాడని కూడా అక్కడే ఉన్నది. ఆ మాట చెప్పి ఏ తల్లినీ నేను భయపెట్టను. కాని మద్యం విషయంలో ఆచార్యుడు గమనించినది అంగవైకల్యం కాదు, మతిమరుపు, చిత్తచాంచల్యం. పాశ్చాత్య వైద్యులు ఈ సంగతిని గట్టిగా పట్టుకొన్నది ఇరువదవ శతాబ్దం చివరి భాగంలో. ఈ వాక్యాన్ని నేను పదునారవ ఏట కంఠస్థం చేశాను. దాని అర్థం తెలిసినది నలుబది దాటిన తరువాత. ఆ సంగతి ముందు చెబుతాను.

మొదట ఆ దేశాల కథ కొంత తెలుసుకొనుట మంచిది. ఈ విషయం వారికి కూడా సులభంగా బోధపడలేదు.

పదునెనిమిదవ శతాబ్దపు లండను నగరంలో జిన్ అనే చవుక సారాయి వీధివీధినా అమ్మేవారు. ఆడవారు కూడా విరివిగా త్రాగేవారు. 1726లో లండను వైద్యుల కళాశాలవారు పార్లమెంటుకు ఒక విన్నపం పంపి, ఈ సారాయి వలన బలహీనులు, రోగగ్రస్తులు అయిన బిడ్డలు పుడుతున్నారని మొరపెట్టుకొన్నారు. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు 1751లో గీసిన 'జిన్ లేన్' అనే చిత్రంలో మత్తులో ఉన్న తల్లి చేతి నుండి పసిబిడ్డ మెట్ల క్రిందికి జారిపడుతూ ఉంటాడు. ఆ సంవత్సరమే జిన్ అమ్మకాలను అదుపుచేసే చట్టం వచ్చినది.

తరువాత 1899లో లివర్‌పూల్ చెరసాల వైద్యుడు విలియం సల్లివాన్ ఒక లెక్క ప్రకటించాడు. త్రాగుడుకు బానిసలైన 120 మంది స్త్రీలకు కలిగిన 600 మంది పిల్లలలో 335 మంది మృతశిశువులుగా పుట్టడమో, రెండేండ్లు నిండకుండా మరణించడమో జరిగినది. అదే కుటుంబాలలో త్రాగని ఆడవారి పిల్లలలో ఈ మరణాలు అందులో సగం కూడా లేవు. ఆయన గమనించిన మరియొక సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. ఆ త్రాగుబోతు స్త్రీలే గర్భంతో ఉన్నప్పుడు చెరసాల పాలై, అక్కడ మద్యం దొరకక గడిపితే, ఆ కాన్పులో బిడ్డ ఆరోగ్యంగా పుట్టిన సందర్భాలు ఆయనకు కనిపించాయి. తల్లి అదే, కుటుంబం అదే. మారినది గర్భంలోనికి చేరిన పదార్థం ఒక్కటే.

ఇంత స్పష్టంగా చెప్పినా ఆ మాట మరుగున పడిపోయినది. మద్యనిషేధవాదులు నీతిబోధ కోసం చెప్పే మాటలని తరువాతి తరం వైద్యులు దానిని త్రోసిపుచ్చారు. అంతటితో ఆగలేదు. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన గర్భిణులకు, కాన్పు ఆగుటకై, మద్యసారాన్ని నేరుగా రక్తనాళంలోనికి ఎక్కించే చికిత్సను ఫ్రిట్జ్ ఫుక్స్ అనే ప్రసూతి వైద్యుడు 1967లో ప్రచురించాడు. 1970 దశకంలో అమెరికాలోను, ఇతర దేశాలలోను పెద్ద ఆసుపత్రులలో ఆ చికిత్స సాగినది. వారిని పరిహసించుటకు ఈ సంగతి వ్రాయడం లేదు. తల్లికి మేలు చేస్తున్నామనే వారు నమ్మారు. మందు అనే పేరుతో మద్యం గర్భిణి వద్దకు చేరితే దానిని ఎవరూ మద్యంగా చూడరు. మన ఇండ్లలో జరుగుతున్నది కూడా అదే.

1968లో ఫ్రాన్సులోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు, త్రాగుడు అలవాటున్న తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని పరిశీలించి వ్రాశాడు. ఎక్కువమంది దానిని చదువలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్ నుండి కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే వైద్యులు 'లాన్సెట్' పత్రికలో ఇవే లక్షణాలను వర్ణించి ఒక వ్యాధినామం పెట్టిన తరువాతనే లోకం మేల్కొన్నది. చిన్న కనురెప్పల చీలికలు, ముక్కుకూ పై పెదవికీ నడుమ ఉండే గాడి చదునుగా ఉండడం, సన్నని పై పెదవి, ఎదుగుదల లోపం, బుద్ధిమాంద్యం. ముఖంలో ఈ గుర్తులు లేకుండానే కేవలం జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ప్రవర్తన దెబ్బతిన్న పిల్లలు ఇంకా ఎక్కువమంది ఉంటారని తరువాత తేలినది. చరకుడు చెప్పిన బిడ్డ ఇతడే కదా!

ఇది ఎట్లా జరుగుతుంది? మాయ అనేది వడపోత గుడ్డ వంటిదనీ, చెడును ఆపి మంచిని మాత్రమే బిడ్డకు పంపుతుందనీ చాలాకాలం నమ్మేవారు. మద్యసారానికి మాయ అడ్డు కాదు. కొద్దిసేపటిలోనే తల్లి రక్తంలో ఎంత ఉంటుందో బిడ్డ రక్తంలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. తల్లి కాలేయం దానిని విరిచివేయగలదు. గర్భస్థ శిశువు కాలేయానికి ఆ శక్తి చాలా స్వల్పం. ఉమ్మనీటిలో కూడా అది నిలిచి ఉంటుంది. మన శాస్త్ర పరిభాషలో చెప్పవలెనంటే, మద్యానికి గల లఘు, ఉష్ణ, తీక్ష్ణ, రూక్షాది దశగుణాలు ఓజస్సునకు గల గురు, శీత, మృదు, స్నిగ్ధాది దశగుణాలకు సరిగా ఎదురుగా నిలుస్తాయని చరకుడు మదాత్యయ చికిత్సలో చెప్పాడు. గర్భం అంటే ఓజస్సు కుదురుకొనే చోటు. ఆ చోట ఈ వస్తువుకు ఏమి పని?

అమెరికా ప్రభుత్వం 1977లో గర్భిణులు రోజుకు రెండు పానీయాలకు మించవద్దన్నది. 1981లో ఆ దేశపు సర్జన్ జనరల్ అసలే వద్దన్నాడు. 1989 నుండి ప్రతి సీసా మీద గర్భిణులకు హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి అయినది. ఫలితం కనిపించినది. అక్కడి సర్వేలలో గర్భిణులలో మద్యం తీసుకొన్నామని చెప్పినవారు 1985లో నూటికి 32 మంది కాగా 1988 నాటికి 20 మంది. 1991లో అది 12.4 శాతానికి దిగినది. ఇక పోయినదనుకొనేసరికి 1995లో తిరిగి 16.3 శాతం. 2018-2020 సంవత్సరాల లెక్కలో 13.5 శాతం. అన్ని సర్వేలూ ఒకే పద్ధతిలో జరిగినవి కావు గనుక దశాంశాలను పట్టుకొని వాదించనక్కరలేదు. భయపెట్టిన తొలి సంవత్సరాలలో తగ్గవలసినది తగ్గినది, ఆ తరువాత ముప్పది ఏండ్లుగా అక్కడక్కడే ఊగిసలాడుతున్నది. మిగిలినవారు వినకపోవడానికి కారణం మొండితనం అని నేను అనుకోను. చాలామందికి తొలి వారాలలో తాము గర్భవతులమనియే తెలియదు. తెలిసినవారికి "ఒక్క గ్లాసుకు ఏమవుతుంది" అని చెప్పే పెద్దలు ఇంటిలోనే ఉంటారు. ప్రపంచం మొత్తం మీద గర్భిణులలో దాదాపు నూటికి పదిమంది, ఐరోపాలో నూటికి పాతికమంది ఏదో ఒక మోతాదులో మద్యం సేవిస్తున్నారని 2017లో వెలువడిన అంచనా.

"ఇవన్నీ దొరల దేశాల సంగతులు, మన ఆడవారు త్రాగుతారా?" అని మీరు అడుగవచ్చును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలపై తిరుగబడినప్పుడు, 1995లో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు, 1997లో అది సడలినప్పుడు కూడా మనం మద్యాన్ని మగవాని జాడ్యంగానే చూశాము. అది న్యాయమే. కాని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలు చూడండి. పదునైదేండ్లు దాటిన స్త్రీలలో మద్యం తీసుకొనేవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఒకరు కూడా లేరు, 0.5 శాతం. తెలంగాణలో 6.7 శాతం. ఈ తేడా గుణగణాల తేడా కాదు. తెలంగాణ పల్లెలో కల్లు పండుగలో భాగం, దేవతకు పోసే సాకలో భాగం, ఎండాకాలపు చలువలో భాగం. దానిని త్రాగే స్త్రీ తాను మద్యం త్రాగుతున్నానని అనుకోదు.

నా గురుకుల విద్య కోనసీమలో జరిగినా, వైద్యం చేసినది నల్లగొండ జిల్లాలో. ప్రాక్టీసు పెట్టిన తొలి సంవత్సరాలలో ఒక గీతకార్మికుని భార్య ఏడేండ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చినది. పిల్లవాడు ఒక్క క్షణం కూర్చోడు. చెప్పినది సాయంత్రానికి మరచిపోతాడు. బడిపంతులు చేతులెత్తివేశాడు. నేను బ్రాహ్మీఘృతం ఇచ్చాను. ఆరు నెలలు ఇచ్చాను. పెద్దగా మార్పు లేదు. ఒకనాడు మాటల సందర్భంలో ఆమె, "వాడు కడుపుల ఉన్నప్పుడు మా అత్తమ్మ పొద్దుమాపు ఇంత కల్లు పోసేది అయ్యా, చలువ అని, పిల్లగాడు నున్నగ పుడతడని" అన్నది. నేను విన్నాను. తల ఊపాను. అంతే. శ్లోకం నా నోటిలో ఉన్నది, బిడ్డ నా ఎదుట ఉన్నాడు, రెండింటినీ కలుపలేకపోయాను. ఎన్నో ఏండ్ల తరువాత, హైదరాబాదులో ఒక పిల్లల వైద్యుడు చూపిన పుస్తకంలోని ముఖాల బొమ్మలు చూచినప్పుడు ఆ పిల్లవాని ముఖం గుర్తుకు వచ్చినది. అతనిది అదే వ్యాధి అని ఇప్పుడు నిర్ధారించి చెప్పలేను. ఆ తల్లికి తరువాతి కాన్పులో కల్లు మానుమని చెప్పే అవకాశం నాకున్నది, చెప్పలేదు. అంతవరకు నిర్ధారణగా చెప్పగలను.

కల్లు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. తెల్లవారుజామున చెట్టు దించిన నీరా వేరు, కల్లు వేరు. పులియకుండా జాగ్రత్త పడకపోతే కొద్ది గంటలలోనే నీరా కల్లుగా మారుతుంది. ఇక పట్టణాలలోని దుకాణాలలో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలుపుతూ పట్టుబడిన సందర్భాలు అనేకం. గర్భిణి దాని జోలికే పోరాదు. ఇంకా చలువ అనే మాట ఎక్కడిది?

ఇప్పుడు అరిష్టం సంగతి. ఇందులో నేనూ దోషిని. ఇరువది ఏండ్లపాటు ఎందరో గర్భిణులకు, "భోజనానంతరం రెండు చెంచాలు, సమభాగం నీటితో" అని ద్రాక్షారిష్టం వ్రాసి ఇచ్చాను. మా గురువుగారు ఇచ్చారు, నేను ఇచ్చాను.

ఆసవారిష్టాలలో ఎవరూ సారాయి తెచ్చి కలుపరు. బెల్లం, తేనె, ధాతకీపుష్పాలు చేర్చి కుండకు మూత పెట్టి సంధానం చేస్తే మద్యసారం దానంతట అదే పుడుతుంది. మందు చెడకుండా ఉండుటకు, త్వరగా వంటబట్టుటకు అదే కారణం. సీసా మీద "స్వయంజనిత మద్యసారం" అని శాతం ముద్రించి ఉంటుంది. సాధారణంగా అది 5 నుండి 10 శాతం. బీరులో ఉండేదాని కంటె తక్కువేమీ కాదు. మోతాదు చిన్నది గనుక, ముప్పది మిల్లీలీటర్ల చొప్పున రెండు పూటలు తీసుకొంటే, 10 శాతం లెక్కన రోజుకు ఆరు మిల్లీలీటర్ల మద్యసారం. ఒక పెద్ద బీరు సీసాలో ఉండేదానిలో అయిదవ వంతు. ఇంతమాత్రాన బిడ్డకు తప్పక హాని జరుగుతుందని నేను అనడం లేదు. మా తరపు బామ్మలు, తల్లులు పుచ్చుకొన్నారు. వారి పిల్లలు చక్కగానే ఉన్నారు. కాని గర్భిణికి ఇంతవరకు ఫరవాలేదు అని గీత గీయగల మోతాదు ఏదీ ఇంతవరకు తేలలేదు. ఆ మందు లేకపోతే ప్రాణం నిలువదన్న పరిస్థితీ లేదు.

నా సహాధ్యాయులు కొందరు దీనికి అడ్డు చెబుతారు. "సంస్కారం చేత గుణం మారుతుంది, అరిష్టం మద్యం కాదు" అంటారు. గుణం మారుతుందన్నది నిజమే. కాని మద్యసారం మద్యసారంగానే ఉన్నదని ఆ సీసా మీద మనమే ముద్రిస్తున్నాము కదా? "చరకుడే గర్భిణికి సుర త్రాగించమన్నాడు" అనేవారూ ఉన్నారు. ఏ సందర్భంలో అన్నాడో చూడవలెను. గర్భస్రావమైన తరువాత, గర్భశల్యాన్ని బయటికి తీసిన తరువాత, కోష్ఠం శుద్ధి అగుటకు, ఆమె బాధను మరచుటకు అన్నాడు. అప్పుడు కాపాడవలసిన బిడ్డ లోపల లేదు. బిడ్డ లోపల ఉన్న కాలానికి అదే అధ్యాయంలో మాసానుమాసికమైన నియమం ఉన్నది. మొదటి నెల పాలు, రెండవ నెల మధురౌషధాలతో కాచిన పాలు, మూడవ నెల తేనె, నేయి చేర్చిన పాలు, నాలుగవ నెల పాలనుండి తీసిన వెన్న, అయిదవ నెల నేయి, ఎనిమిదవ నెల పాలతో జావ. మొదటి నుండి తొమ్మిదవ నెల దాకా వెదకినా ఆ వరుసలో ఆసవం లేదు, అరిష్టం లేదు. ఇక చరకుడు వాడిన "నిత్యం" అనే మాటకు అర్థం ఏమిటి? పూట తప్పకుండా, నెలల తరబడి, రెండు పూటలా పుచ్చుకొనేదానిని నిత్యమనక ఏమంటాము?

బాలింతకు జలుబు చేయకూడదని బ్రాందీ ఇచ్చే ఆచారం కోస్తా జిల్లాల మంచి కుటుంబాలలో కూడా ఉండేది, బీరువాలో మందు సీసాల నడుమ ఆ సీసా కూడా ఉండేది. ఇంకా ఎవరైనా ఇస్తుంటే మానండి. పాలలోనికి అది చేరుతుంది. శరీరానికి వేడి పుట్టినట్లు అనిపిస్తుందే గాని నిజానికి ఒంటి వేడి బయటికి పోతుంది. దశమూలారిష్టం బదులు బాలింతకు అవే పది వేళ్ళతో తాజాగా కాచిన దశమూల కషాయం ఇవ్వవచ్చును. కొంచెం శ్రమ, అంతే.

మన దేశంలో మద్యం సీసాల మీద 2019 నుండి ముద్రిస్తున్న తప్పనిసరి హెచ్చరికలో ఆరోగ్యానికి హానికరమని, త్రాగి వాహనం నడుపవద్దని ఉన్నది. గర్భిణి ప్రస్తావన లేదు. ఉండవలెను. ఆయుర్వేదపు అరిష్టాల సీసాల మీద కూడా, శాతంతో పాటు, గర్భిణులు వాడరాదని పెద్ద అక్షరాలతో తెలుగులో ముద్రించవలెనని నా అభిప్రాయం. ఆ మాట ఒక వైద్యుడు చెబితే మన శాస్త్రానికి అప్రతిష్ఠ అని నా మిత్రులు కోపగించుకొంటారు. అమెరికాలో డాక్టరమ్మ చెప్పగా విజయవాడ తల్లి సిగ్గుపడడం కంటె, మనమే చెప్పుకొంటే అప్రతిష్ఠ తక్కువ.

తెలియక తీసుకొన్నవారు కంగారు పడవద్దు. ఈనాడు మానితే ఈనాటి నుండి మేలే. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది. మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. ప్రతిదినం ఎక్కువగా త్రాగే అలవాటున్న స్త్రీ మాత్రం ఒక్కసారిగా ఇంటిలో మానరాదు. వణుకు, మూర్ఛ వంటి ప్రమాదాలు రావచ్చును. ఆసుపత్రిలో, వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించవలెను. ఆమెను తిట్టి ప్రయోజనం లేదు, తిడితే దాచుకొని త్రాగుతుంది.

ఉత్తరం వ్రాసిన అమ్మకు: మీ అమ్మాయికి రాత్రి పది పన్నెండు ఎండుద్రాక్షలు కడిగి నీటిలో నానబెట్టి, ఉదయం పిసికి వడగట్టి ఆ నీరు ఇవ్వండి. అరిష్టంలో ఉన్న ద్రాక్షయే ఇది, సంధానం మాత్రం లేదు. మధుమేహం ఉన్నదని డాక్టరు చెప్పి ఉంటే ఇవ్వవద్దు. అన్నం సహించనప్పుడు దానిమ్మ గింజల రసం, చిటికెడు శొంఠి, సైంధవలవణం కలిపిన పలుచని మజ్జిగ, పేలాల జావ కొద్దికొద్దిగా ఇవ్వండి. అక్కడివారు ఇచ్చిన ఇనుము మాత్రలు మానవద్దు. వాంతులు ఆగక నీరు కూడా నిలువకపోతే ఇంటి వైద్యం చేయక ఆ డాక్టరమ్మ వద్దకే తీసుకొనివెళ్ళండి. ఆమెకు మీ మీద కోపమేమీ ఉండదు. రెండు సీసాలూ పారవేయనక్కరలేదు. అల్లుడుగారికి ఎప్పుడైనా ఆకలి మందగిస్తే, భోజనానంతరం, సమభాగం నీటితో.